ఎడమ పాదము కనుగొనబడలేదు

ఆ రోజు పొద్దున టైలరు మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. బడిపిల్లల యూనిఫారాలకు కాలర్లు వెయ్యాలి, లాయరమ్మ నల్లకోటుకు చేతులు అతకాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. ఈ చివరిది మరీ ముఖ్యం, ఎందుకంటే ఆయనకు ఒళ్ళు మండిపోతోంది.

కోపం ఆయనకు కొత్తేం కాదు. కత్తెర మొద్దుబారితే కోపం. కొలతలు తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చేవాళ్ళంటే కోపం. "వదులుగా ఉండాలి మాస్టారూ, కానీ బిగుతుగా కనబడాలి" అనేవాళ్ళంటే ఇంకా కోపం. ఈసారి మాత్రం ఆయన కోపమంతా ఒక జత మేజోళ్ళ మీద.

మాస్టరుకి షుగరు జబ్బు ముదిరి అరికాళ్ళకు స్పర్శ పోయింది. నిరుడు కొత్త బూటు ఒరుసుకుని పొక్కు లేస్తే ఆయనకు తెలియనే లేదు. అది పుండై, మానడానికి ఆరు నెలలు పట్టింది. అందుకని ఆసుపత్రివాళ్ళు ఈ మేజోళ్ళు ఇచ్చారు. వాటి నేతలో వెంట్రుకంత సన్నని తీగలున్నాయి. ఒక కాలి మీద ఏదైనా ఒకచోట రెండో కాలికంటే వేడి పెరిగితే, అక్కడ లోపల ఏదో చెడుతోందని అవి కనిపెట్టి, పుండు పడకముందే ఫోనుకి కబురు పంపుతాయి. మాస్టరుది బొత్తాల ఫోను కాబట్టి ఆ కబురు కూతురికీ, భార్యకీ, బావమరిదికీ వెళ్ళేలా కూతురు ఏర్పాటు చేసింది.

"అంటే నా కాలి సంగతి నాకు తప్ప ఊరందరికీ తెలుస్తుందన్నమాట!" అని మాస్టరు ఆనాడే నిప్పులు చెరిగాడు.

మూడు రోజులుగా ఆ కబుర్లు ఆగడం లేదు. ఆ పొద్దున కూడా కాఫీ గ్లాసు చేతికి రాకముందే భార్య ఫోను మోగింది.

"ఏమండీ, మళ్ళీ వచ్చింది. ఎడమ మడమ దగ్గర వేడి ఎక్కువైందట. కాలికి విశ్రాంతి ఇచ్చి, పాదం చూసుకోమంటోంది."

"దాని మొహం! పనిచేసే కాలు వేడెక్కదూ? పడుకున్న కాలు చల్లగా ఉంటుంది. వెళ్ళి దానికి చెప్పు."

ఇంతలో ఆఫీసుకి బయల్దేరుతూ కూతురు ఫోను చేసింది. "నాన్నా, కాలు చూసుకున్నావా?"

"చూశానమ్మా. ఉంది."

"ఉందా లేదా అని కాదు నాన్నా! అడుగున చూసుకో. కింద అద్దం పెట్టుకుని చూడమన్నాడుగా డాక్టరు."

"అద్దం కస్టమర్ల కోసం. నా అరికాలు చూసుకోడానిక్కాదు."

"పోనీ, షాపులో చెప్పులు వేసుకునే ఉంటున్నావా?"

"ఆఁ, ఉంటున్నాను."

ఇది పచ్చి అబద్ధం. పెడలు మీద చెప్పుకాలు పెట్టడమంటే మాస్టరుకి మద్దెల మీద చీపురు వేసి వాయించడంతో సమానం. గుండుసూదులు చెల్లాచెదరుగా పడుండే ఆ నేల మీద ఆయన ఉత్త మేజోళ్ళతోనే తిరుగుతాడు.

భార్య కూరగాయలకని సంచీ తీసుకుని బజారుకి వెళ్ళింది. మాస్టరు ఇంటి ముందుగదిలోని షాపు తెరిచి, కుర్చీలో కూర్చుని, ఎడమ మేజోడు ఊడదీసి, కళ్ళజోడు పెట్టుకుని పరీక్షించాడు. చూస్తూనే ఆయనకు విషయం అర్థమైపోయింది. మడమ దగ్గర కుట్టు వంకర! నూలుపోగంత వంకర కాదు, చూపున్న ఎవడికైనా కనబడేంత వంకర. పైగా ఆ కుట్టు పక్కన బూడిదరంగు దారం ఒకటి వదులుగా పైకి లేచి ఉంది.

"అదీ సంగతి! కుట్టే వంకరైతే కొలత సరిగ్గా ఎలా వస్తుంది? ఇంత చదువుకున్న వెధవలకి మడమ వంపు కుట్టడం చేతకాదు గానీ నా మీద ఫిర్యాదులు!"

కుట్టంతా విప్పాడు. బూడిదరంగు దారాన్ని కత్తెరతో మొదలంటా కత్తిరించాడు. మళ్ళీ మడమ వంపు తీర్చి, తన జన్మలో ఇంత చక్కని కుట్టు పడలేదనుకునేలా కుట్టి, మేజోడు తొడుక్కుని పనిలో పడ్డాడు. ఆ బూడిదరంగు దారమే తీగ అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో ఆయన లేడు.

అక్కడ మూడు ఫోన్లలో ఒకేసారి కబురు మెరిసింది: "ఎడమ పాదము కనుగొనబడలేదు. వెంటనే వైద్యుని సంప్రదించండి."

భార్య ఫోను సంచీలో వంకాయల కింద ఉంది. కూతురు మీటింగులో ఉంది. కబురు చూసినవాడు బావమరిది ఒక్కడే. అతను బీమా ఏజెంటు. కీడెంచడమే అతనికి కూడు పెట్టే విద్య. మూడు రోజులుగా వేడి, ఈ రోజు అసలు పాదమే లేదు. అక్కకి ఫోను చేస్తే ఎత్తలేదు. బావకి చేశాడు. తెర మీద బావమరిది పేరు చూడగానే మాస్టరు పళ్ళు నూరి ఫోను కట్ చేశాడు. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్.

"అయ్యో, మాట్లాడే ఓపిక కూడా లేదు బావకి!" అని బావమరిది కళ్ళొత్తుకున్నాడు. తరువాత తన కస్టమర్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇలా రాశాడు: "మా బావగారు, టైలరు మాస్టరు, ఎడమ పాదం పోగొట్టుకున్నారు. బీమా విలువ ఇలాంటప్పుడే తెలుస్తుంది."

మొదట లాయరమ్మ వచ్చింది. షాపు కౌంటరు నడుమెత్తు ఉంటుంది. దాని వెనక కూర్చున్న మాస్టరు కాళ్ళు ఎవరికీ కనబడవు. ఆమె జాలిగా తల పక్కకి వాల్చి నిలబడింది.

"లేవకండి మాస్టారూ, లేవకండి."

"నేను లేవట్లేదండీ. కోటు సాయంత్రానికి ఇస్తానన్నాగా."

"తొందరేం లేదు. మీరు శ్రమపడద్దు. ఎంతవరకు కుట్టారో అంతవరకే ఇచ్చెయ్యండి."

"చేతుల్లేని కోటు ఏం చేసుకుంటారు?"

"చేతులదేముందండీ," అందామె. "మనిషి ధైర్యంగా ఉండాలి గానీ."

మాస్టరుకి తిక్కరేగింది. కోటు చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వెళ్ళీ వెళ్ళకముందే బడి హెడ్మిస్ట్రెస్ దిగింది. ఆమె వెంట పక్కవీధి ఫ్యాషన్ టైలరు ఉన్నాడు. అతన్ని చూడగానే మాస్టరు ముక్కుపుటాలు అదిరాయి.

"యూనిఫారాల గుడ్డ పట్టుకెళ్దామని వచ్చామండీ," అందామె నెమ్మదిగా. "ఎల్లుండికల్లా కావాలి కదా. ఇకమీద మీకు పెడలు తొక్కడం..." మిగతాది మింగేసింది.

"తొక్కడం ఏమైంది? పాతికేళ్ళుగా మీ బడికి కుడుతున్నాను!"

"అన్నగారూ, మీరు ఆవేశపడకండి," అన్నాడు ఫ్యాషన్ టైలరు. "మీ పేరు మీదే కుట్టిస్తాను. అవసరమైతే మీకు కూర్చుని చేసే పని ఏదైనా చూస్తాను. కాజాలు, బొత్తాలు..."

"బొత్తాలా! నేనా! నీ దగ్గరా!"

మాస్టరు చేతికందిన స్కేలు ఎత్తేసరికి గుమ్మంలో గడగడమని చప్పుడైంది. బావమరిది చక్రాల కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చాడు. అతని వెనక లాయరమ్మతో సహా నలుగురు కస్టమర్లు ఉన్నారు.

"బావా! ఎంత పని జరిగిపోయింది! ఏ ఆసుపత్రిలో తీశార్రా దేవుడా!"

"ఏం తీశారు?"

"కాలు బావా! కాలు!"

మాస్టరు అరిచిన అరుపుకి వీధిలో కుక్క లేచి వెళ్ళిపోయింది. ఆయన కౌంటరు తలుపు తన్నుకుని బయటికి వచ్చి రెండు కాళ్ళ మీదా నిలబడ్డాడు.

"ఇదేంటి? ఇదేంట్రా మరి? దీన్నేమంటారు మీ ఇంట్లో?"

బావమరిది కెవ్వుమన్నాడు. ఫ్యాషన్ టైలరు మాత్రం వంగి మేజోడుకేసి తేరిపార చూశాడు.

"పెట్టుడు కాలై ఉంటుంది. ఈ మధ్య అచ్చు నిజం కాలులాగే చేస్తున్నారు."

"ఒరేయ్!" మాస్టరు మేజోడు పీకి విసిరికొట్టి, ఎడమ కాలు ఎత్తి కటింగు బల్ల మీద దభీమని పెట్టాడు. "చూడు! నా కాలు! పుట్టినప్పట్నించీ నాదే! కావాలంటే గిల్లి చూసుకో!"

ఫ్యాషన్ టైలరు మొహమాటపడలేదు. బొటనవేలు పట్టుకుని గట్టిగా గిల్లాడు. అందరూ మాస్టరు మొహంలోకి చూశారు. మాస్టరు కూడా ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు.

"నొప్పి పుట్టిందా అన్నగారూ?"

"గిల్లావా నువ్వు?"

"విన్నారా!" అన్నాడతను జనంవైపు తిరిగి.

"అది షుగరు వల్ల! స్పర్శ లేదు! అంతే!" మాస్టరు రొప్పుతూ కాలు బల్ల మీంచి తీశాడు. కాలితోపాటు మడమకి అంటుకుని ఇంకోటి కూడా పైకి లేచింది. కింద పడిన గుండుసూదులు ఏరడానికి బల్ల మీద ఉంచుకునే బొత్తామంత అయస్కాంతం అది.

"అయస్కాంతం పట్టుకుంది! కాలు ఇనుముదే!" అని ఫ్యాషన్ టైలరు కేకవేశాడు.

ఆలస్యంగా కబురు చూసి మీటింగు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చిన కూతురు సరిగ్గా అప్పుడే జనాన్ని తోసుకుని లోపలికి వచ్చింది. ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. తండ్రిని చక్రాల కుర్చీలోకి తోసి, నేల మీద కూర్చుని, ఆ పాదం ఒళ్ళోకి తీసుకుంది. అయస్కాంతం మెల్లగా పక్కకి లాగింది. గట్టిపడిన చర్మంలో విరిగిపోయిన గుండుసూది మొన మెరిసింది. చుట్టూ వాచి, ఎర్రగా, చేత్తో ముట్టుకుంటే కాలేంత వేడిగా ఉంది.

"ఇది ఎప్పట్నుంచి ఉంది నాన్నా?"

మాస్టరు నోరు తెరిచాడు. తిట్టడానికి ఎవరైనా దొరుకుతారేమోనని చుట్టూ చూశాడు. అందరూ నేలకేసి చూస్తున్నారు. నేల నిండా గుండుసూదులు.

"నాకు తెలీదమ్మా," అన్నాడు. ఆ గొంతు ఆ షాపులో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"మూడు రోజుల్నించీ చెబుతూనే ఉంది నాన్నా అది. నీకు తెలీదనే కదా దానికి చెప్పమన్నాం."

మాస్టరు ఆసుపత్రికి బావమరిది తెచ్చిన చక్రాల కుర్చీలోనే వెళ్ళాడు. తోసినవాడు బావమరిది. యూనిఫారాల గుడ్డ భుజాన వేసుకుని మలుపు దాకా సాగనంపినవాడు ఫ్యాషన్ టైలరు. బజారు నుంచి ఎదురొచ్చిన భార్య కుర్చీలోని మొగుణ్ణి చూసి సంచీ వదిలేసింది. కిందపడ్డ వంకాయల మధ్య ఆమె ఫోను ఇంకా అదే కబురు చూపిస్తోంది.

డాక్టరు సూదిముక్క తీసి, చీము కడిగి, కట్టు కట్టాడు. చేతిలో ఫోను పట్టుకుని ఆ కబురు రెండుసార్లు చదువుకున్నాడు.

"ఇంకో వారం ఆగుంటే ఇది నిజమయ్యేది మాస్టారూ," అన్నాడు.

పుండు మానేదాకా మాస్టరు కాలు కింద పెట్టలేదు. మానాక ఆసుపత్రివాళ్ళు కొత్త జత మేజోళ్ళు ఇచ్చారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మడమ దగ్గర కుట్టుని చాలాసేపు చూశాడు. తరువాత భార్యని పిలిచి కత్తెర ఆమె చేతికిచ్చి, బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నాడు. మేజోళ్ళు తొడుక్కున్నాడు. వాటి మీద చెప్పులు కూడా వేసుకున్నాడు.

కుట్టు మాత్రం వంకరేనని ఆయన ఇప్పటికీ అంటాడు.