మడుగు కాపలాకు మనశ్శాంతి శిక్షణ

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మడుగు ఉండేది. మడుగు చిన్నదే గానీ, దానికి కాపలా శాఖ మాత్రం పెద్దది. చిరుత వచ్చే జాడ కనబడితే కేక వెయ్యాలి, కేక వినగానే నీళ్ళు తాగేవాళ్ళు పారిపోవాలి. శాఖ చేసే పని అంతే. ఆ మాత్రానికి ఒక పెద్దసారు, ఆయనకో పి.ఏ., ఇద్దరూ నడుం వాల్చడానికి చల్లటి ఇసుకతిన్నె కూడా ఉండేవి.

పెద్దసారు గుబురయ్య అనే ఎలుగుబంటి. పి.ఏ. ఒక తొండ. తొండ ఉద్యోగం తల ఊపడం. పెద్దసారు మాట్లాడుతున్నంతసేపూ ఊపేది, ఆయన ఆపేశాక కూడా ఎందుకైనా మంచిదని కాసేపు ఊపేది.

పడమటి గట్టున నిజంగా కాపలా కాసేది చెంగమ్మ అనే దుప్పి. ఒకప్పుడు అక్కడ ఆమెకు తోడు ఇంకో ఇద్దరుండేవారు. నల్లమద్ది చెట్టు చిటారుకొమ్మన కొండముచ్చు తోకారావు, నీటి ఒడ్డున తీతువు పిట్ట. తీతువు గుడ్లు పెట్టుకోడానికి సెలవు మీద వెళ్ళింది, ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. తోకారావును పరిపాలనా కారణాల వల్ల బోడికొండకు బదిలీ చేశారు. ఆ కారణాలేమిటని అడిగితే, అవి పరిపాలనకు సంబంధించినవని తొండ చెప్పింది.

దాంతో ముగ్గురి పనీ చెంగమ్మ నెత్తిన పడింది. చెట్టు మీదికి చూస్తుంటే పొద సంగతి తెలియదు, పొద వైపు తిరిగితే ఒడ్డు సంగతి తెలియదు. పాపం, ఆకు రాలినా ఉలిక్కిపడేది. మిట్టమధ్యాహ్నం మద్దిచెట్టు కింది పొదలో రోజూ ఏదో గలగలమనేది. "చిరుత! చిరుత!" అని ఆమె గొంతు చించుకునేది. అడవంతా పరుగులు పెట్టేది. తీరా చూస్తే చిరుతా ఉండదు, దాని తోకా ఉండదు.

విచిత్రమేమిటంటే, కేక వినగానే అందరికంటే ముందు ఆ పొద దగ్గర ప్రత్యక్షమయ్యేది గుబురయ్యగారే. "ఏదీ చిరుత? ఎక్కడ చిరుత?" అని రొప్పుతూ మండిపడేవాడు. పెద్దసారుకి పని మీద ఎంత శ్రద్ధో అని అందరూ మెచ్చుకునేవారు.

ఒకరోజు ఆయన చెంగమ్మను పిలిపించాడు.

"ఏమ్మా చెంగమ్మా, నీ కేకలతో అడవి అధ్యక్షురాలు ఏనుగమ్మగారికి కూడా నిద్ర పట్టడం లేదట."

"ముగ్గురి పని ఒక్కదాన్నే చేస్తున్నాను సార్. ఆ ఖాళీలు నింపితే..."

"ఖాళీలు శాఖలో లేవమ్మా, నీ మనసులో ఉన్నాయి. నీకు ప్రశాంతత లేదు. ఇంకొక్కసారి ఉత్తుత్తి కేక వేశావంటే నిన్ను డ్యూటీ నుంచి తీసేస్తాను."

తొండ తల ఊపింది.

చెంగమ్మకు తన పిల్ల గుర్తొచ్చింది. డ్యూటీలో ఉన్నవాళ్ళ పిల్లలకే మడుగు పక్కన పచ్చిక మేసే హక్కు. అసలే ఎండాకాలం, పచ్చిక దాటితే కాలిన నేలే. ఆమె పిల్ల ఇంకా సరిగ్గా గంతులెయ్యడం కూడా నేర్చుకోలేదు. ఉద్యోగం పోతే దాన్ని తీసుకుని ఎటు పోవాలి? ఆ దిగులుతో ఆమె ఇంకా ఎక్కువ ఉలిక్కిపడసాగింది.

గుబురయ్యకు ఖాళీలు నింపే ఉద్దేశం లేదు. శాఖ కోసం ఏదో చేస్తున్నట్టు కనబడే ఉద్దేశం మాత్రం గట్టిగా ఉంది. అందుకు ఆయన బావమరిది పనికొచ్చాడు.

ఆ బావమరిదీ ఎలుగుబంటే, ఇంట్లో పెట్టిన పేరు బొంతయ్య. కొండ అవతల ఒక ఆశ్రమం ఉంది. సిటీ వాళ్ళు శనివారం కార్లలో వచ్చి, ఆదివారం దాకా ఊపిరి పీల్చి, సోమవారం మళ్ళీ ఆఫీసులకు పోతారు. బొంతయ్య అక్కడికి అరటిపళ్ళు దొంగిలించడానికి వెళ్ళేవాడు. వాళ్ళు పాఠం ముగించి నిద్రపోయేదాకా వంటింటి వెనక నక్కి కూర్చోవాలి కాబట్టి, చెప్పే పాఠాలన్నీ చెవిన పడ్డాయి. తిరిగొచ్చాక తన పేరు నిమ్మళానంద అని చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ఒరేయ్ బొంతా, మావాళ్ళకి ఆ ఊపిరి విద్యేదో నేర్పు. నోరు మూసుకుని పడుండాలి. కేక అనేది వినబడకూడదు" అన్నాడు గుబురయ్య.

"అదెంత పని బావా! సిటీలో దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారు. మనం ఎరుక అనుకుందాం."

మర్నాటి నుంచే శిక్షణ మొదలైంది. చెంగమ్మతో పాటు తూర్పు గట్టు కుందేలు, వంకలో డ్యూటీ చేసే అడవికోడి కూడా హాజరయ్యారు. తొండ కూడా వచ్చింది గానీ, తల ఊపడం ఆపి కూర్చోలేక మధ్యలోనే వెళ్ళిపోయింది.

"ముందు ఎరుకతో తినడం" అన్నాడు నిమ్మళానంద. "ఆశ్రమంలో ఒక్క ఎండుద్రాక్షని చాలాసేపు నములుతారు. మీరు ఒక్క గడ్డిపరకని నమలండి."

"మాది నెమరేసే జాతి సార్. తిన్నదాన్నే మళ్ళీ నములుతాం" అంది చెంగమ్మ.

నిమ్మళానంద ఈ సమాధానం ఆశ్రమంలో వినలేదు. "అయితే ఇంకోసారి నమలండి" అన్నాడు.

తరవాత ఆలోచనల పాఠం. "ఆలోచనలు వస్తాయి, పోతాయి. వాటి వెంట పరిగెత్తకండి. చిరుత కూడా అలాగే వస్తుంది, పోతుంది అనుకోండి."

"వస్తుంది సరేనండీ. పోయేటప్పుడు వట్టి నోటితో పోదు కదా!" అంది కుందేలు.

నవ్వులైతే నవ్వులే గానీ, ఇక్కడొక పొరపాటు జరిగింది. విద్య బాగా తెలిసినవాడైతే పెద్దసారుకి కావలసింది ఉంచి, అక్కర్లేనిది వదిలేసేవాడు. నిమ్మళానందకి అసలు అర్థమే కాలేదు కాబట్టి, ఏది వదిలెయ్యాలో తెలియక, విన్నదంతా విన్నట్టు చెప్పేశాడు. "కాళ్ళ కింద నేల తెలియాలి. ఊపిరి తెలియాలి. మనసులో ఏం పుట్టినా దానికి పేరు పెట్టండి. భయమైతే భయం, ఆకలైతే ఆకలి. తరవాత చుట్టూ ఏముందో ఉన్నదున్నట్టు గమనించండి. మీరు ఊహించుకున్నది కాదు, ఉన్నది."

చెంగమ్మ ఉద్యోగం పోతుందన్న భయంతోనే వచ్చింది. అందుకే చెప్పిందల్లా శ్రద్ధగా చేసింది. చిత్రంగా కొంత మేలు జరిగింది. తన మెడ ఎంత పట్టేసి ఉందో ఆమెకు మొదటిసారి తెలిసింది. గడ్డికి రుచి ఉంటుందని మళ్ళీ గుర్తొచ్చింది. ఒక సాయంత్రం పిల్ల ఒళ్ళు నాకుతూ నిజంగా దాని ఒళ్ళే నాకింది. ఎప్పుడూ నాలుక ఇక్కడుంటే మనసు పొద దగ్గర ఉండేది.

"అమ్మా, ఇవాళ నన్ను కసురుకోలేదేం?" అంది పిల్ల.

చెంగమ్మకు ఏడుపొచ్చింది. దానికి పేరు పెట్టాలని కూడా తోచలేదు.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం పొద గలగలమంది. కేక గొంతు దాకా వచ్చింది. ఆమె నేల మీద డెక్కలు ఆనించింది, ఊపిరి పీల్చింది, వదిలింది. 'భయం' అనుకుంది లోపల. భయం పోలేదు గానీ, కాస్త పక్కకి జరిగి కూర్చుంది. ఆ సందులోంచి చెవులు పని చెయ్యడం మొదలుపెట్టాయి.

చిరుత నడిస్తే ఆకు చప్పుడు కాదు. ఇక్కడ ఎండుటాకులన్నీ పిండి అవుతున్నాయి. పైగా కూనిరాగం. ఆ వెనకే గాలిలో తేనె వాసన. ఆమె మెల్లగా మెడ సాచి చూసింది. నల్లమద్ది కాండాన్ని కౌగిలించుకుని, గుబురయ్యగారు తేనెపట్టు వైపు ఎగబాకుతున్నారు.

ఇన్నాళ్ళూ తాను చిరుత అనుకుని అరిచింది ఎవర్ని చూసో ఆమెకు అర్థమైంది. తోకారావును ఆ చెట్టు మీంచి దించేసిన పరిపాలనా కారణాలూ అర్థమయ్యాయి. కోపం వచ్చింది. 'కోపం' అని పేరు పెట్టింది. పెట్టినా తగ్గలేదు. కాకపోతే ఎవరి మీదో తెలిసింది.

కానీ ఎవరితో చెప్పుకోవాలి? ఫిర్యాదులు వినేది కూడా గుబురయ్యగారే. అందుకని ఊరుకుంది. పొద ఎంత గలగలమన్నా కేక వెయ్యడం మానేసింది.

గుబురయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. "చూశావా, ఖాళీలు నింపకుండానే శాఖ బాగుపడింది!" అన్నాడు. తొండ మెడ నొప్పి పుట్టేలా ఊపింది. ఈ ఘనత పది మందికీ తెలియకపోతే ఏం లాభమని, ప్రదర్శన ఏర్పాటు చేసి ఏనుగమ్మగారిని ముఖ్య అతిథిగా పిలిచాడు.

ఆ రోజు మడుగు చుట్టూ అడవంతా చేరింది. పిల్లలు ఒడ్డున నీళ్ళు తాగుతున్నాయి. కాపలా ఉద్యోగులు మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పెద్దసారు ఇసుకతిన్నె మీద ఏనుగమ్మ పక్కన కూర్చుని, "ఈ చెంగమ్మ ఒకప్పుడు ఆకు రాలితే అరిచేదమ్మా. ఇప్పుడు చూడండి. చెంగమ్మా, నువ్వు గమనిస్తున్నదేమిటో అధ్యక్షులవారికి చెప్పు" అన్నాడు.

చెంగమ్మ కళ్ళు తెరవకుండా నిమ్మళంగా మొదలుపెట్టింది.

"నేల. వెచ్చగా ఉంది. ఊపిరి. మెడ నొప్పి. తేనె వాసన."

"ఆహా!" అంది ఏనుగమ్మ.

గుబురయ్య మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"తేనె వాసన ఇసుకతిన్నె వైపు నుంచి. పడమర పొదలో పిట్టలు మాట్లాడ్డం ఆపేశాయి. ఆకుల చప్పుడు లేదు. కానీ గడ్డి కదులుతోంది." ఆమె చెవులు అటు తిరిగాయి. "పెద్దసారు ఇక్కడ ఉన్నారు. మరి పొదలో ఉన్నదెవరు?"

ఆమె కళ్ళు తెరిచింది. పిల్ల పొదకు దగ్గరగా, నీళ్ళలో మూతి పెట్టి ఉంది. అరిచి అది ఉత్తుత్తి కేకైతే ఉద్యోగం పోతుంది, పచ్చిక పోతుంది. అరవకపోతే పిల్ల పోతుంది. ఊపిరి పీల్చుకోవడానికి ఆగలేదు.

"చిరుత!"

పిల్లలన్నీ చెల్లాచెదురయ్యాయి. చెంగమ్మ పిల్ల అప్పటిదాకా చేతకాని గంతు ఒకటి వేసి తల్లి పక్కన వచ్చి పడింది.

గుబురయ్యకు ఒళ్ళు మండింది. "చూశారా అమ్మా! శిక్షణంతా బూడిదలో పోసిన పన్నీరు చేసింది. చిరుతా లేదు, గిరుతా లేదు. నేనే వెళ్ళి చూపిస్తాను ఉండండి" అని పొద వైపు నడిచాడు. ఆ ధైర్యం ఊరికే వచ్చింది కాదు. ఆ పొదలో చిరుత ఉండదని ఆయనకు ఖాయంగా తెలుసు. రోజూ ఉండేది ఆయనే కదా!

కొమ్మలు పక్కకి జరిపి తల దూర్చాడు. ఎదురుగా చిరుత.

తరవాత జరిగింది అందరూ చూశారు. పెద్దసారు పెద్దగా కేక వేశాడు. నల్లమద్ది మీదికి ఒక్క ఊపున ఎక్కాడు. ఏ కొమ్మ మీద కాలెయ్యాలో, ఏ బుడిపె పట్టుకోవాలో చూడకుండానే ఎక్కాడు. అలవాటు చొప్పున కాళ్ళు తిన్నగా తేనెపట్టు దగ్గరికే తీసుకుపోయాయి. ఈగలు లేచాయి. ఏనుగమ్మ తొండమెత్తి ఘీంకరించేసరికి చిరుత పలాయనం చిత్తగించింది గానీ, ఈగలు చిత్తగించలేదు.

చివరికి గుబురయ్య కిందికి జారాడు. మూతి వాచింది, దాని మీంచి తేనె కారుతోంది.

"గుబురయ్యా, ఆ చెట్టు నీకు బాగా అలవాటున్నట్టుందే?" అంది ఏనుగమ్మ.

"పరిపాలనా కారణాల వల్లనమ్మా" అన్నాడు.

తొండ మొట్టమొదటిసారి తల ఊపలేదు.

తోకారావు తిరిగి మద్దిచెట్టెక్కాడు. తీతువు స్థానంలో దాని చెల్లెలొచ్చింది. చెంగమ్మ ఇప్పుడు పొద వైపు మాత్రమే చూస్తుంది, చూసినప్పుడు బాగా చూస్తుంది. ఆమె పిల్ల పచ్చిక మీద గంతులు సాధన చేస్తోంది. గుబురయ్యను బోడికొండకు పంపారు. అక్కడ చెట్లు లేవు, ఈగలు లేవు. కావలసినంత ప్రశాంతత ఉంది.

నిమ్మళానందకి మాత్రం గిరాకీ పెరిగింది. మొన్న మేత పంపిణీ శాఖ అధికారి అడవిపంది కబురు పెట్టాడు. బొజ్జ సవరించుకుంటూ, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ శిక్షణలో గమనించడం కూడా ఉంటుందట కదండీ?"

"ఉంటుంది సార్."

"అది తీసేసి, ఉత్త ఊపిరి వరకు నేర్పుతారా?"

నిమ్మళానందకి ఇప్పుడు విద్య కాస్త అర్థమవుతోంది. అలాగేనన్నాడు.

నీతి: కింది ఉద్యోగులకు మనశ్శాంతి నేర్పించదలచిన అధికారి ముందుగా తన మూతి తుడుచుకోవాలి.