పెద్దలకు చోటివ్వండి

మా ప్రాథమిక పాఠశాల మూడో తరగతి విద్యార్థుల 'సామాజిక విలువల విజ్ఞాన విహారయాత్ర' అఖండ విజయం సాధించింది. యాత్రలో పాల్గొన్నవారు నలభై మంది. అందరూ క్షేమంగా తిరిగివచ్చారు. వారిలో విద్యార్థులు లేరు.

ఈ చిన్న లోపాన్ని పట్టుకుని గిట్టనివాళ్ళు కొందరు ఏదేదో అంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పుకోవడం మంచిది.

మూడో తరగతి మాస్టారు పిల్లలకు ఒక మాట ఇచ్చాడు. నది చూపిస్తానన్నాడు. వాచకంలో ఏడో పాఠం నది. పదకొండేళ్ళుగా ఆ పాఠం చెబుతున్నాడు. నది బడికి నాలుగు కిలోమీటర్లు. పదకొండేళ్ళలో ఒక్క తరగతినీ అక్కడిదాకా తీసుకుపోలేకపోయాడు. ఒక ఏడు వాన. ఒక ఏడు ఎండ. ఒక ఏడు వానా లేదు, ఎండా లేదు గానీ, అనుమతి పత్రం మీద వేయాల్సిన ముద్ర హెడ్మాస్టారి బల్ల సొరుగులో ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి లాగేసరికి పిల్లలు నాలుగో తరగతికి వెళ్ళిపోయారు. ఆ పిల్లలకే ఇప్పుడు మీసాలొచ్చాయి. బజార్లో ఎదురుపడితే, "ఏం సార్, నది కులాసానా?" అని అడిగి పోతుంటారు.

ఈ ఏడు మాట ఇచ్చింది ముప్పైనాలుగు మందికి. ఇదీ తప్పితే ఇక జన్మలో ఏడో పాఠం చెప్పకూడదని, ఆరు కాగానే ఎనిమిదిలోకి దూకెయ్యాలని మాస్టారు తనలో తాను ఒట్టు పెట్టుకున్నాడు.

హెడ్మాస్టారు ఒప్పుకున్నాడు. ఆయన ఎప్పుడూ ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాకే కష్టాలు మొదలవుతాయి.

"వట్టి నది చూస్తే ఏమొస్తుంది మాస్టారూ? నీళ్ళు. నీళ్ళు కుళాయిలోనూ వస్తాయి. యాత్ర అన్నాక విలువ రావాలి. పైనుంచి సర్క్యులర్ ఉంది. యాత్ర ఒకటికి విలువ ఒకటికి తగ్గకుండా కనబడాలట."

"నీళ్ళని వృథా చెయ్యకూడదని చెప్దాం సార్."

"అది కనబడే విలువ కాదయ్యా. ఫొటోలో పడదు." హెడ్మాస్టారు కళ్ళు మూసుకుని ఆలోచించాడు. బయట గంట కొట్టేదాకా ఆలోచించి, లేచి ప్రకటించాడు. "పెద్దలు వస్తే లేచి చోటివ్వడం. అదీ విలువంటే. బస్సు ఎలాగూ ఉంది."

నెల రోజులు సాధన జరిగింది. తరగతిలో బల్లలన్నీ రెండు వరసలుగా వేసి, దానికి బస్సు అని పేరు పెట్టారు. పెద్దమనిషి వేషానికి బడి అటెండరును నియమించారు. ఆయన ద్వారం దగ్గర నిలబడి ఒకసారి దగ్గాలి. దగ్గు వినబడగానే పిల్లలంతా చివ్వున లేచి, చేతులు జోడించి, "దయచేయండి!" అనాలి. ముప్పై ఏళ్ళ సర్వీసులో అటెండరును కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. మొదటిరోజు ఆయనకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. రెండోరోజు నుంచి పిలవకపోయినా పూటకు మూడుసార్లు వచ్చి దగ్గసాగాడు. వారం తిరిగేసరికి భార్యను కూడా వెంటబెట్టుకొచ్చి, "చూడు, నా మాట ఎలా చెల్లుతుందో!" అని దగ్గి చూపించాడు. ఆవిడ అప్పటినుంచి ఇంట్లో ఆయన దగ్గితే మందు పోయడం మానేసిందని చెప్పుకుంటారు.

లెక్కల పాఠం మధ్యలో ఎవరికి పొలమారినా తరగతి తరగతంతా లేచి నిలబడేది. విలువ అంతగా ఒంటబట్టింది.

ఒక్క పిల్ల మాత్రం అడుగుతుండేది. ఆ పిల్ల ఏది చెప్పినా ఎందుకని అడుగుతుంది గనక బడిలో అందరూ ఎందుకమ్మ అని పిలుస్తారు.

"సార్, పెద్దవాళ్ళే ముందొచ్చి కూర్చోవచ్చు కదా. మనం కూర్చున్నాకే ఎందుకొస్తారు?"

"కూర్చో అమ్మా," అన్నాడు మాస్టారు.

తల్లిదండ్రుల సమావేశం ఘనంగా జరిగింది. ఒక తల్లి లేచి, "మా పిల్ల పక్కన నేను లేకపోతే బస్సులో వాంతి చేసుకుంటుంది," అంది.

"నువ్వున్నా చేసుకుంటుందిగా వదినా!" అంది వెనక వరసలోని ఇంకో తల్లి.

"చేసుకుంటే తుడవడానికైనా ఉంటానుగా!"

తల్లిదండ్రుల సంఘం అధ్యక్షుడు కలప అడితి యజమాని. ఆయన గొంతు సవరించుకున్నాడు. తల్లుల పక్కన కూర్చున్న పిల్లలు అలవాటుకొద్దీ ముప్పైనాలుగు మందీ లేచారు. ఆయన చాలా సంతోషించి, ఇలాంటి పిల్లలను కన్నందుకు పెద్దలందరికీ అభినందనలు చెప్పి, పెద్దలెవరూ యాత్రకు రారని, సాగనంపడానికి మాత్రమే వస్తారని తీర్మానం చదివాడు. చప్పట్లతో ఆమోదించారు.

యాత్రరోజు ఉదయం సాగనంపడానికి ఊరంతా వచ్చింది.

నలభై సీట్ల బస్సు. పిల్లలు ముప్పైనాలుగు మందీ అప్పటికే ఎక్కి, ఒళ్ళో టిఫిన్ డబ్బాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. సీటు గట్టిదో కాదో చూసిపోదామని మొదట ఒక తండ్రి ఎక్కాడు. సీటు గట్టిదనం కూర్చుంటే గానీ తెలియదు. ఆయన పొద్దుటి చలికి దగ్గాడు. కొడుకు చివ్వున లేచి, "దయచేయండి!" అన్నాడు. తండ్రి కూర్చున్నాడు. సీటు గట్టిదే. మెత్తగా కూడా ఉంది. ఆయన లేవలేదు.

అది చూసి తక్కినవాళ్ళు ఎక్కారు. కిటికీ తలుపు పడుతుందో లేదో చూడ్డానికి ఒకరు, పిల్ల జడ మళ్ళీ వెయ్యడానికి ఒకరు, ఎవరు ఎందుకు ఎక్కారో చూడ్డానికి ఇంకొకరు. దగ్గులు మిన్నంటాయి. దయచేయండి, దయచేయండి, దయచేయండి. సన్నాయి నొక్కినట్టు దగ్గినవాళ్ళున్నారు, క్షయ వచ్చినట్టు దగ్గినవాళ్ళున్నారు. అందరికీ చోటు దొరికింది.

డ్రైవరు వెనక్కి తిరిగాడు. "నిలబడినోళ్ళు దిగాలి. నిలబడినోళ్ళతో బండి తియ్యను. రూల్."

నిలబడినవాళ్ళు దిగారు. ఒకరి వెనక ఒకరు, వరస తప్పకుండా, ఎత్తుల ప్రకారం దిగారు. ఆ క్రమశిక్షణ చూసి హెడ్మాస్టారు కిటికీలోంచి జేబురుమాలు ఊపుతూ ఉపన్యసించాడు. "చూశారా! నెల రోజుల కృషి! ఒక్కడైనా పేచీ పెట్టాడా? ఒక్కతైనా ఏడ్చిందా? రేపటి సమాజం భద్రమైన చేతుల్లో ఉంది!" ఆయన కూర్చుంది ముందు సీట్లో, కిటికీ పక్కన.

చివరి సీట్లో మూడో తరగతి మాస్టారు ఒక్కడే మిగిలాడు. తన ఒక్క సీటైనా పట్టుకుని ఉంటే ఏదో ఒకటి చెయ్యవచ్చని ఆయన ఆశ. ఏం చెయ్యవచ్చో ఆయనకూ తెలియదు. అంతలో అధ్యక్షుడి అత్తగారు మెట్లెక్కి, ఆయన ముందు నిలబడి, దగ్గింది. బయట రోడ్డు మీదినుంచి ముప్పైనాలుగు జతల కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. చెప్పినవాడు చెయ్యకపోతే ఎలా?

"దయచేయండి," అని మాస్టారు దిగాడు.

బస్సు వెళ్ళిపోయింది. పిల్లలు దుమ్ములో చేతులూపారు. పెద్దలు కూడా ఊపారు. ఇద్దరు ముగ్గురు తండ్రులైతే పిల్లల టిఫిన్ డబ్బాలు కూడా పొరపాటున పట్టుకుపోయారు.

"సార్, బస్సు ఎక్కడికెళ్ళింది?" అంది ఎందుకమ్మ.

"నదికి."

"మనమెందుకు వెళ్ళలేదు?"

"సీట్లు లేవమ్మా."

"నది దగ్గర కూడా సీట్లు ఉండాలా?"

పదకొండేళ్ళలో మాస్టారికి ఈ ప్రశ్న తట్టలేదు. "అక్కర్లేదు," అన్నాడు చివరికి.

"అయితే నిలబడే చూద్దాం. నిలబడ్డం మాకు వచ్చు."

అనుమతి పత్రంలో 'బస్సు ద్వారా' అని స్పష్టంగా ఉంది. 'కాళ్ళ ద్వారా' అని ఎక్కడా లేదు. వెళ్తే మెమో తప్పదు. వెళ్ళకపోతే పన్నెండో ఏడు. మాస్టారు చెప్పుల వార్లు బిగించుకున్నాడు. "చేతులు పట్టుకోండిరా," అన్నాడు.

నాలుగు కిలోమీటర్లు నడవడానికి రెండు గంటలు పట్టింది. దారిలో ఒక కుక్క జత కలిసింది. ఒకడి చెప్పు తెగితే రెండోది కూడా తీసేసి, "ఇప్పుడు సమానం," అన్నాడు. మలుపు తిరిగేసరికి ఏదో మెరిసింది. వరస అక్కడితో ఆఖరు. ముప్పైనాలుగు మంది, ఒక కుక్క, చెప్పులు చేతబట్టుకున్న ఒక మాస్టారు ఇసుకలో పడి పరుగెత్తారు.

నది ఉంది. పదకొండేళ్ళ నుంచీ అక్కడే ఉంది.

"సార్, ఇది ఆగదా?" "ఒరేయ్, కాళ్ళకింద ఇసుక లాగేస్తోందిరా!" "నన్ను కూడా లాగమను!" "సార్, చేప! కాదు, నా వేలు!" "టీ రంగులో ఉందేంటి సార్, ఎవరు కాచారు?" ఒకడు నదికి చెయ్యూపాడు. ఒకతి నీళ్ళలో కూర్చుని, ఎంత పిలిచినా లేవనంది. నెల రోజుల్లో ఆ పిల్ల లేవకపోవడం అదే మొదటిసారి. మాస్టారు మోకాళ్ళదాకా దిగి, ఎందుకు నవ్వుతున్నాడో తెలియకుండా నవ్వాడు.

బస్సు కూడా అక్కడే ఉంది. ఒడ్డున ఇసుకలో వెనక చక్రాలు సగందాకా దిగబడి ఉన్నాయి. పక్కన రాయి మీద డ్రైవరు తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏం చెప్పమంటారు మాస్టారూ! దిగితే బరువు తగ్గి బండి లేస్తుంది, దిగండయ్యా అంటే ఒక్కరూ దిగరు. దిగితే పక్కోళ్ళు సీటు కొట్టేస్తారంట. పొద్దుట్నుంచీ అంతే. నది కూడా చూళ్ళేదు. ఎండ పడుతుందని పరదాలు దించుకున్నారు."

లోపలినుంచి మాటలు వినబడుతున్నాయి.

"కొంచెం జరగండి బావగారూ."

"జరిగితే మీరు కాళ్ళు పెడతారు, నాకు తెలీదా!"

మాస్టారు పిల్లల వంక చూశాడు. పిల్లలు తడిబట్టలతో వచ్చి బస్సు వెనక చేరారు. ఏటవాలుగా వంగి, చేతులూ భుజాలూ వీపులూ ఆనించి తోశారు. పరదాలు ఒక్కొక్కటే తొలిగాయి. "ఒరే నాన్నా, బట్టలు తడుపుకున్నావా! ఇంటికి రా, చెప్తాను!" "గట్టిగా తొయ్యమ్మా, తిన్నదంతా ఏమైంది?" "మా వాడి పక్కన ఆ పిల్ల ఊరికే చెయ్యేసి నిలబడింది మాస్టారూ, గమనించండి!" అధ్యక్షుడు కిటికీలోంచి తల బయటపెట్టి, కలిసి ఉంటే కలదు సుఖం అన్న అంశం మీద, తోస్తున్నంతసేపూ మాట్లాడాడు. బస్సు లేచింది. లేచింది లేచినట్టే వెళ్ళిపోయింది. ఆపితే మళ్ళీ దిగబడుతుందని డ్రైవరు భయం. ఖాళీ సీట్లు కూడా లేవు కదా.

మర్నాడు మాస్టారికి మెమో వచ్చింది. అనుమతి లేకుండా నది చూపించుట, కాళ్ళు వాడుట. అదేరోజు పెద్దలకు ప్రశంసాపత్రాలు పంచారు. పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

కథ అంతటితో ముగిసేదే. పరీక్షలు వచ్చాయి.

ప్రశ్న: నదిని గురించి ఐదు వాక్యాలు రాయుము. పిల్లలు రాశారు. నది టీ రంగులో ఉంటుంది. నది కాళ్ళకింద ఇసుక దొంగతనం చేస్తుంది. నదికి తడి కుక్క వాసన వస్తుంది. నది మన కోసం ఆగదు, మనమే వెళ్ళాలి. మాస్టారు అందరికీ నిండు మార్కులు వేశాడు.

హెడ్మాస్టారు హడలిపోయాడు. "ఒక నదికి ముప్పైనాలుగు జవాబులేమిటయ్యా? వాచకంలో ఏముంది? నది నీలంగా ఉండును, నిర్మలంగా ఉండును అని లేదూ?"

"పిల్లలు కళ్ళారా చూశారు సార్."

"ఏ రికార్డు ప్రకారం? యాత్రికుల జాబితాలో ఒక్కరి పేరైనా ఉందా?"

విచారణ సంఘం కూర్చుంది. అధికారికంగా నదికి వెళ్ళొచ్చిన పెద్దలను సాక్ష్యం అడిగింది. పరదాల వెనకనుంచి చూసిన ఆ పెద్దలు, నది నీలంగానే ఉందని ఏకగ్రీవంగా సెలవిచ్చారు. మళ్ళీ పరీక్ష పెట్టారు. మాస్టారు కాగితాలు పంచుతూ, "మీరు చూసిందే రాయండర్రా," అన్నాడు. ద్వారం దగ్గర హెడ్మాస్టారు దగ్గాడు.

పిల్లలు మాస్టారి వంక చూశారు. హెడ్మాస్టారి వంక చూశారు. తలలు వంచి, నది నీలంగా ఉండును అని రాశారు. ముప్పైనాలుగు కాగితాల్లోనూ ఒకే నది పారింది.

ఎందుకమ్మ కూడా ఐదు వాక్యాలూ వాచకంలో ఉన్నట్టే రాసింది. కింద ఆరోది ఒకటి చేర్చింది. 'నేను తడిసిన నది ఇది కాదు.'

అడగని వాక్యం రాసినందుకు ఆ పిల్లకు ఒక మార్కు తగ్గించారు. తక్కిన అందరికీ నూటికి నూరు. ఆ పిల్ల తల్లిదండ్రులు ఇప్పుడు ఎవరింటికీ వెళ్ళడం లేదు. వెళ్తే మార్కులు అడుగుతారని.

మీ పిల్లలకు ఎన్నొచ్చాయి? నూరే కదూ! సంతోషం.