తేనెపెట్టెల కానూన్

భైంసాలో పత్తి వ్యాపారం చేసే హనుమండ్లు ఇంట్లో అమ్ముడుపోని సరుకు ఒక్కటే ఉంది. అది భార్య తమ్ముడు ముత్యం. దుబాయి నుంచి వచ్చి, అక్కను ఒకసారి చూసి పోతానని దిగినవాడు, పెరటి గదిలో మంచం వేసి, టేప్‌రికార్డర్ పెట్టి స్థిరపడ్డాడు. ధర పెరిగేదాకా పత్తి దాచడానికి హనుమండ్లు చూసుకున్న గది అదే. దాచిపెడితే పత్తికి ధర పెరుగుతుంది గాని బామ్మర్దికి పెరగదని ఆయన లెక్క.

పొమ్మనమని భార్యతో అనలేడు. అనసూర్యతో బేరమాడి గెలిచిన వర్తకుడు ఆ బజారులో ఇంకా పుట్టలేదు.

అందుకని ఉట్నూర్ వైపు సర్కారు ఆఫీసు నుంచి రెండు తేనెపెట్టెలు తన పేరు మీద రాయించుకుని, జీపులో తెప్పించి, సరిగ్గా పెరటి గది గుమ్మం పక్కనే పెట్టించాడు.

"గివెందుకు?" అంది అనసూర్య.

"తేనె అమ్ముకుందాం. కాని జర కానూన్ ఉన్నది. పెట్టెలున్న తావుల బయటి మనిషి పండుకోవద్దు. పట్టుకుంటే జుర్మానా."

"తమ్ముడు బయటి మనిషెట్లయితడు?"

"నీకు తమ్ముడు. సర్కారుకు గాదు గద."

అనసూర్య ఆయన ముఖాన్ని తూకం వేసినట్టు చూసింది. "కానూనంటే కానూనే" అంది.

ఇంత సులువుగా బేరం తెగిందంటే సరుకులో ఏదో లోపముందని ఏ వర్తకుడికైనా తెలుస్తుంది. హనుమండ్లుకు ఆ పూట తెలియలేదు.

సాయంత్రానికి ముత్యం మంచం పెరటి గది నుంచి లేచింది. బస్టాండు దాకా పోలేదు. ముందు గదిలో, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను కింద, హనుమండ్లు మంచం ఉండే చోట ఆగింది.

"మరి నేనేడ పండాలె?"

"పెరట్ల. పెట్టెలు మీ పేరు మీదున్నయి. జిమ్మేదార్ వాటి పక్కనే కావలుండాలె. ఎవల్నన్న కుడితే కేసు మీ మీదనే."

"గిదెవలు చెప్పిన్రు నీకు?"

"మీకు చెప్పినోళ్లే."

మరునాడు పత్తి బండ్లు వచ్చాయి. హమాలీ మొండయ్య మొదటి బస్తాతో గుమ్మం దాకా వెళ్లి, తేనెటీగలను చూసి, బస్తాను పెట్టె మీదే వదిలి పరుగెత్తాడు. మిగతావాళ్లు అతన్ని దాటి పరుగెత్తారు. అసలైన వ్యాపారి సరుకును వదిలి పోడు కనుక హనుమండ్లు ఒక్కడే నిలబడ్డాడు. ముక్కు వంకాయంత అయింది. పై పెదవి దానితో పోటీకి దిగింది.

కళ్లు తెరుచుకున్నాక పెట్టెలను అవతలి గోడకు జరిపించాడు. పెట్టెలు జరిగాయి, ఈగలు జరగలేదు. మేతకు పోయినవన్నీ తిరిగొచ్చి, పాత చోటే వెతుక్కుంటూ గుమ్మం నిండా ముసిరాయి.

"సేటూ, లాభం మీకు, పానం మాది. మేం రాం" అన్నాడు మొండయ్య.

పత్తి ఆ రోజు ధరకే ఎదురు దుకాణానికి పోయింది. ధర మాత్రం మర్యాదగా, హనుమండ్లు చేతిలో సరుకు లేకుండా పోయేదాకా ఆగి, అప్పుడు పెరిగింది.

పెట్టెలిచ్చిన ఆఫీసు సారు చూడవచ్చినప్పుడు హనుమండ్లు ఆయన్ని గుట్టుగా పక్కకు పిలిచాడు. "సారూ, జిమ్మేదార్ పెట్టెల కాడనే పండాలె అన్న కానూన్ ఉన్నదా?"

"అసుంటిదేం లేదు. పక్కింటోళ్లకు తక్లీఫ్ గావద్దు, దగ్గర్ల నీళ్లు పెట్టాలె, పెట్టెలు సాఫ్‌గ ఉంచాలె. గంతే."

హనుమండ్లు వాచిన ముఖంతోనే విజయం మోసుకుని వంటింట్లోకి వెళ్లాడు. "నీ కానూన్ ఝూటా."

"మీదో?" అంది అనసూర్య, రొట్టె తిప్పుతూ.

ఇద్దరి దగ్గరా దొంగ తూకపురాళ్లే ఉన్నప్పుడు పంచాయితీ నడవదు. రాజీ ఒక్కటే దారి. "సరే, రెండూ రద్దు చేద్దాం."

"నాకేమున్నది. మంచం మీదున్నోన్ని అడుగుండ్రి."

ముత్యం ఫ్యాను కింద తీరిగ్గా ఒత్తిగిలాడు. "వద్దు బావా. దుబాయిల గన్ని దినాలున్న గని ఒక్క కానూన్ తప్పలే. ఇప్పుడు సొంతింట్ల తప్పుమంటవా?"

హనుమండ్లు పెదవి తడుముకుని, దిండు చంకలో పెట్టుకుని పెరటి దారి పట్టాడు.

"బావా," అని ముత్యం వెనక నుంచి పిలిచాడు. "పోతపోత జర ఫ్యాను పెంచిపో."