గోల్‌కీపర్‌కు వచ్చిన సంబంధం

గురువారం పొద్దున సదాశివ పెట్టుకున్న పని ఒక్కటే. పూజ ముగించుకుని, మౌలాలిలో తమ వీధి చివరి ఆంజనేయస్వామి గుడిలో కొబ్బరికాయ కొట్టి, గుడి ఎదుట చాయ్ బండి దగ్గర కూర్చునే స్నేహితుడు హరికిషన్‌కు ఒక పేరు చెప్పాలి. ఆ పేరు ఏమిటన్నది ఆయన ఎప్పుడో తేల్చుకున్నాడు.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన సదాశివకు దేవుడి తర్వాత ఫుట్‌బాలే. నగరంలోని క్లబ్బులు కలిసి నడిపే లీగ్ ఒకటుంది. ఆ క్లబ్బులు ఏటా ఒక రోజు కాలేజీ పిల్లల్లోంచి తమకు కావలసినవాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. నిరుడు అట్టడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు. వెనకబడ్డవాడికి ముందు వడ్డించే ఈ పద్ధతి సదాశివకు చాలా ధర్మంగా తోచేది. ఎంపికైన పిల్లవాడికి జీతం, ఆట రెండూ దక్కుతాయి. కాలేజీ ఆఖరి ఏడాదిలో ఎంపిక కానివాడికి మళ్లీ ఆ తలుపు తెరుచుకోదు.

మొదటి వంతులో ఎవరిని తీసుకుంటారో సదాశివ ఏటా ముందే చెప్పేవాడు. ఏటా తప్పయ్యేది. వినీ వినీ విసిగిపోయిన హరికిషన్ ఈసారి ఒక షరతు పెట్టాడు.

"గుడి మెట్టు మీద నిలవడి ఒక్క పేరు చెప్పు. తప్పయిందా, మళ్ల డ్రాఫ్ట్ దాక నీ నోట్లకెళ్లి ఫుట్‌బాల్ ముచ్చట రావద్దు."

సదాశివ ఒప్పుకున్నాడు. ఏడాది పాటు ఫుట్‌బాల్ మాట్లాడకుండా ఉండడం ఆయనకు ఏడాది ఉపవాసం లాంటిది. కాని ఈసారి ధైర్యం ఉంది. బన్సీలాల్‌పేట్ పిల్లవాడు ఉదయ్‌కిరణ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు, కాలేజీ జట్టుకు గోల్‌కీపర్. వాడి చేతుల్లోకి వచ్చిన బంతి గూట్లోకి చేరిన పావురంలా కుదురుకుంటుంది. మొదటి వంతు వచ్చిన క్లబ్బేమో నిరుడు గోలు మీద గోలు తిన్నది. "ఇంటికి తలుపే లేనోడు ముందుగాల తలుపు కొంటడా, టీవీ కొంటడా?" అని సదాశివ వాదన.

ఉప్మా పళ్లెం ముందు పెడుతూ భార్య విమలమ్మ ఆ వాదన విన్నది.

"నిరుడు సుత గిట్లనే అన్నవ్. నిరుటి పిల్లగానికి మోకాలు బాగలేదని వాళ్ల గల్లి మొత్తం ఎరుకనే. ఎరుకలేనిది నీ ఒక్కనికే."

"మరి ఏం జెయ్యమంటవ్?"

"తిరుమల్‌కు పిల్లను జూసినప్పుడు ఏం జేసినం? ఇంట్ల చూసుడు అయినంక గల్లిల అడిగినం గద. కిరాణా దుకాణపోనికి తెల్వని ముచ్చట ఉంటదా? పోయి అడుగు."

తిరుమల్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. వాడి పెళ్లి విమలమ్మ విచారణ వల్లే చక్కగా కుదిరిందని ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంగతి. కాబట్టి సదాశివ ఆ మాట కాదనలేదు. గుడిలో కొబ్బరికాయ కొట్టి, ప్రసాదం సంచి చేత పట్టుకుని, హరికిషన్‌కు చెప్పవలసిన పేరును మధ్యాహ్నానికి వాయిదా వేసి, బన్సీలాల్‌పేట్ వెళ్లే ఆటో ఎక్కాడు.

మెట్లబావి వెనక గల్లీలో ఓంప్రకాశ్ కిరాణా దుకాణం ఉంది. సదాశివ తెల్లని లాల్చీ, పంచె, నుదుట సిందూరం బొట్టు, చేతి సంచిలో కొబ్బరి చిప్ప, అరటిపళ్లతో దుకాణం ముందు నిలబడ్డాడు.

"సేట్, నాది మౌలాలి, ఆంజనేయస్వామి గుడి గల్లి. రైల్వేల జేసి రిటైరైన. ఉదయ్‌కిరణ్ అనే పిల్లగాడు ఈ గల్లిలనేనా ఉండేది?"

ఓంప్రకాశ్ ఆ బొట్టును చూశాడు. సంచిని చూశాడు. ఏమీ కొనని మనిషికి ఆయన ఎన్నడూ స్టూలు వేసి ఎరుగడు. ఇప్పుడు వేశాడు.

"కూసోండ్రి సార్. పిల్లగాడు బంగారం."

"తాగుడు గీగుడు?"

"చాయ్ సుత తాగడు."

"పొద్దుగాల లేస్తడా?"

"కోడిని లేపేదే వాడు."

"కాళ్లెట్లున్నయ్? మోకాళ్లు?"

ఓంప్రకాశ్ ఒక్క క్షణం తడబడ్డాడు. ఆయన దుకాణానికి ఎందరో ఆడపిల్లల తండ్రులు వచ్చారు. ఇల్లు సొంతమా అన్నారు, కోపం ఎక్కువా అన్నారు. మోకాళ్ల దాకా వెళ్లినవాడు ఇతడొక్కడే.

"మస్తున్నయ్ సార్. కిందనే కూసోని అన్నం తింటడు."

"చేతులు?"

"రెండూ ఉన్నయ్ సార్."

సదాశివ తృప్తిగా తల ఊపి అసలు సంగతికి వచ్చాడు. "ఈ నడుమ ఆట ఎట్లాడుతుండు?"

ఇది కిటుకు ప్రశ్న అని ఓంప్రకాశ్‌కు వెంటనే తట్టింది. పిల్లనిచ్చే తండ్రి ముందు ఆట మాటెత్తితే సంబంధం అక్కడే తెగుతుందని ఆ గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఆటనా? ఛ. చిన్నప్పుడు జెర ఆడిండు గంతే. బాల్ ముట్టి ఆర్నెల్లయింది. ఏసీల కంపెనీల కొలువు సుత దొరికింది. అడుగుండ్రి, ఇస్త్రీ నోవహును అడుగుండ్రి."

పక్క బండి మీద చొక్కా ఇస్త్రీ చేస్తున్న నోవహు తల ఎత్తకుండానే అందుకున్నాడు. "అవు సార్. ఇంతకుముందు మన్ను బట్టలొస్తుండె. ఇప్పుడన్నీ ఆఫీసు అంగీలే."

సదాశివ మనసు చివుక్కుమంది. అలాంటి చేతులు ఏసీలు విప్పడానికి పోయాయా అనుకున్నాడు. దేవుడు ఒకడికి ఒక విద్య ఇచ్చి మళ్లీ ఎందుకు తీసుకుంటాడో ఆయనకు ఎప్పుడూ అర్థం కాలేదు. లేచి, ఏం చేయాలో తోచక, అరటిపళ్లూ కొబ్బరి చిప్పా తీసి ఓంప్రకాశ్ చేతిలో పెట్టాడు.

"స్వామి ప్రసాదం. ఆ పిల్లగానికియ్యి. చల్లగుండనీ."

ఓంప్రకాశ్ రెండు చేతులా అందుకున్నాడు. "ఆదివారం వస్తరు గద సార్?"

ఆదివారం గ్రౌండ్లో కాలేజీ పిల్లలకు ఆఖరి మ్యాచ్. క్లబ్బులవాళ్లు ఆ ఆట చూసి సాయంత్రం డ్రాఫ్ట్ జరుపుతారు. దుకాణదారుకు కూడా ఫుట్‌బాల్ ప్రాణమేనని సదాశివ సంతోషించాడు.

"రాకుంటె ఎట్ల? పదింటికల్ల ఉంటా."

ఆయన ఆటో దొరికించుకునేలోపే అరటిపళ్లు ఉదయ్‌కిరణ్ తల్లి రజిత చేతికి చేరాయి.

మధ్యాహ్నం సదాశివ గుడి మెట్టు మీద నిలబడి, గుండె రాయి చేసుకుని, రాంగోపాల్‌పేట్ పిల్లవాడు రిచర్డ్ పేరు చెప్పాడు. గోల్స్ కొట్టడంలో మంచివాడే. కాని ఆ పేరు పలుకుతుంటే ఆకలి లేని వేళ అన్నం తిన్నట్టుంది.

"ఫైనల్?" అన్నాడు హరికిషన్.

"ఫైనల్."

ఆదివారం ఇద్దరూ గ్రౌండ్లో కూర్చున్నారు. ఉదయ్‌కిరణ్ జట్టు గోల్ ముందు ఎవరో బక్కపలచని పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఆ జట్టు కోచ్ ధర్మరాజు రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. గీత పక్కన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. సదాశివ పలకరించాడు.

"మీ కీపర్ ఆట మానేసిండట గద, మాస్టారూ."

"మానడమేమిటండీ, నిన్న కాక మొన్న దాకా ఆడాడు. ఇవాళ వాడికి పెళ్లిచూపులంటండి. ఎవరో మౌలాలి పెద్దాయన పిల్లనిస్తానని గల్లీలో దిగి, మోకాళ్లతో సహా విచారించుకుని, అరటిపళ్లిచ్చి పోయాడంట. ఆడేవాడికి పిల్లనివ్వడేమోనని వాళ్లమ్మ బూట్లు అటకెక్కించేసింది. నేను ఫోన్ చేస్తే, 'మావాడు ఆట మానేశాడు సార్' అని నాకే చెబుతోందండి. క్లబ్బువాళ్లేమో కీపరేడీ అని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

హరికిషన్ మెల్లగా ఇటు తిరిగాడు. "మౌలాలి నుంచి ఎవరు పోయిన్రో, సదాశివా?"

సదాశివకు గురువారం ఓంప్రకాశ్ వేసిన స్టూలు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే ఎదుటి జట్టులో ఆడుతున్న రిచర్డ్ ఒక గోల్ కొట్టాడు. కదలకుండా కూర్చుంటే చాలు. రిచర్డ్‌నే తీసుకుంటారు, మాట నెగ్గుతుంది, ఎవరూ తప్పు పట్టరు. "స్వామీ, నేను అబద్ధమాడలేదు గద," అని లోపలే అడిగాడు. బక్కపలచని పిల్లవాడి కాళ్ల సందులోంచి రెండో గోల్ వెళ్లింది. సదాశివ లేచి ఆటో కోసం పరుగెత్తాడు.

రజిత ఇంట్లో చాపలు పరిచి ఉన్నాయి. చుట్టాలు గోడవారగా వరుసగా కూర్చున్నారు. మంచం మీద ఉదయ్‌కిరణ్ తెల్ల చొక్కా, నూనె పెట్టిన తలతో, పరీక్ష హాల్లో జవాబులు రాని విద్యార్థిలా ఉన్నాడు.

"రాండ్రి అన్నా. ఒక్కరే వచ్చిన్రా? వదినను తీస్కరాకపోయిన్రు?"

"చెల్లే, ముందుగాల ఒక మాట చెప్పాలె. నాకు పిల్ల..."

"పిల్ల ముచ్చట తర్వాత. ఫస్టు నోరు తీపి చేసుకోండ్రి."

లడ్డు పెద్దది. అది దిగేసరికి రజిత కొడుకు గుణగణాలన్నీ చెప్పేసింది. సదాశివ మళ్లీ నోరు తెరిస్తే రెండో లడ్డు వచ్చేలా ఉంది. అవతల ఆట సగం అయిపోతోంది.

"చెల్లే, పిల్లగాడు ఆడుతుంటె నేను చూడాలె."

రజిత లడ్డు పళ్లెం కింద పెట్టేసింది.

"ఆటనా? బందు వెట్టిండన్నా, ఒట్టు."

"ఆడితెనే నేను కూసుంట. లేకుంటె ఇప్పుడే లేస్త."

రజిత తమ్ముడు ఆమె చెవిలో గొణిగాడు. అది అందరికీ వినబడింది. "రైల్వే ఆయన గదనే అక్కా. స్పోర్ట్స్ కోటాల కొలువు ఇప్పిస్తడేమో."

మరుక్షణం బూట్లు అటక దిగాయి. చేతి తొడుగులు వంటింట్లో పొయ్యి పక్కన దొరికాయి. మూడు రోజులుగా రజిత వాటితోనే అన్నం గిన్నె దించుతోంది. ఉదయ్‌కిరణ్ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు.

దారి పొడుగునా సదాశివ లెక్క చూసుకున్నాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నిజం కూడా చెప్పలేదు. దేవుడి దగ్గర ఈ రెంటికీ తేడా ఉంటుందో, లేక అది మనిషి తన కోసం కట్టుకున్న గోడో ఆయన తేల్చుకోలేకపోయాడు.

చుట్టాలంతా ఆటోల్లో గ్రౌండ్‌కు దిగారు. ఉదయ్‌కిరణ్ తెల్ల చొక్కా మీదే జట్టు బనియన్ తగిలించుకుని గోల్ ముందు నిలబడ్డాడు. తర్వాత వచ్చిన బంతి ఒక్కటీ లోపలికి వెళ్లలేదు. చొక్కా చేతులు మట్టి కొట్టుకుపోతుంటే రజిత కళ్లు మూసుకుంది. ఒక మేనత్త సదాశివను అడిగింది.

"అన్నా, లోపటికి పోతె మంచిదా, పోకుంటె మంచిదా?"

"వీడు నిలబడితె పోకుంటెనే మంచిదమ్మా."

ఆఖర్లో రిచర్డ్‌కు పెనాల్టీ దొరికింది. గుడి మెట్టు మీద తాను చెప్పిన పేరు అటు, తన మనసులోని పేరు ఇటు. రిచర్డ్ బలంగా తన్నాడు. ఉదయ్‌కిరణ్ పక్కకు ఎగిరి బంతిని రొమ్ముకు హత్తుకుని లేచాడు. సదాశివ పంచె ఎగ్గట్టి గంతేశాడు.

"నువ్వు ఓడిపోతున్నవ్ రా," అన్నాడు హరికిషన్.

"ఎరుకనే," అన్నాడు సదాశివ, చప్పట్లు ఆపకుండా.

సాయంత్రం మొదటి వంతు క్లబ్బు ఉదయ్‌కిరణ్ పేరు చదివింది. తలుపు, టీవీ మాట సదాశివ నాలుక చివరి దాకా వచ్చింది. హరికిషన్ వేలు చూపించాడు. సదాశివ నోరు మూసుకున్నాడు.

ఇంటికి వచ్చి అంతా విన్న విమలమ్మ తల పట్టుకుంది. "లేని బిడ్డకు సంబంధం మాట్లాడొచ్చినవా? పాపం, ఆమె ఎన్ని ఆశలు పెట్టుకున్నదో. పోయి కాళ్లు పట్టుకోని నిజం చెప్పు."

"గురువారం పోత. మంచిరోజు."

బుధవారమే రజిత వచ్చింది. స్వీటు డబ్బా బల్ల మీద పెట్టి, కుర్చీ అంచున కూర్చుని, కొంగు కొసను వేలికి చుట్టుకుంది.

"అన్నా, నీ పుణ్యాన పిల్లగాడు క్లబ్బుల పడ్డడు. నీ మేలు మరువ. కని ఒక ముచ్చట చెప్పనీకి వచ్చిన."

"ఆగు చెల్లే, ముందుగాల నన్ను చెప్పనీయి. నాకు పిల్ల..."

"వద్దన్నా, నువ్వు ఇంక ఏమనకు, నాకే శరమైతుంది. పేపర్ల ఫొటో పడ్డకాడికెళ్లి మస్తు సంబంధాలు వస్తున్నయ్. పెద్దపెద్దోళ్లవి. మీ బిడ్డ మంచిదే ఉంటది, నేను కాదంటలేను. మా అయ్యగారేమో జాతకాలు కలుస్తలేవంటున్నడు. మనమేం చేస్తం? రాసి పెట్టి ఉండాలె."

సదాశివ నోరు తెరిచే ఉంది. విమలమ్మ అప్పటికే నిటారుగా కూర్చుంది.

"కలుస్తలేవా?" అన్నది.

"ఒక్క గుణం సుత కలుస్తలేదు వదినా."

రజిత మొదటి మ్యాచ్‌కు తప్పక రమ్మని చెప్పి, పక్కన కూర్చుని ఆట ఏమిటో తమకు విడమరచి చెప్పాలని సదాశివను బతిమాలి, ఆటో ఎక్కింది. ఫుట్‌బాల్ సంగతి ఏడాది దాకా మాట్లాడకూడదన్న మాట కూడా ఆయన ఆమెకు చెప్పలేకపోయాడు. ఆటో మలుపు తిరిగేదాకా విమలమ్మ గుమ్మంలోనే నిలబడింది.

"మన బిడ్డకేం తక్కువైందట?" అన్నది.

ఆ జాతకంలో ఏ దోషం కనబడిందో అడగడానికి ఆమె ఇప్పటికీ ఆ అయ్యగారి చిరునామా వెతుకుతోంది.