చెంగమ్మ పెరట్లో అధ్యక్షులవారు

ఒక పెద్ద అడవిలో సింహం లేదు. ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు. సింహాలు ఆకలేస్తే తింటాయి గానీ సమావేశాలు పెట్టవు. ఆ లోటు తీర్చుకోవడానికి జంతువులన్నీ కలిసి ఒక మండలి పెట్టుకున్నాయి. దానికి అధ్యక్షుడు దంతాలరావుగారనే ఏనుగు. ఆయన్ని ఎందుకు ఎన్నుకున్నారంటే, ఆయన ఒకసారి వచ్చి కూర్చున్నాక లేవమని చెప్పే ధైర్యం ఎవరికీ చాలలేదు.

అడవి కొండ మీద ఉంది. మార్గశిరం వచ్చిందంటే తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుంటుంది. పెద్ద చెట్లు తట్టుకుంటాయి. లేత మొలకలు తట్టుకోవు.

చెంగమ్మ అనే కుందేలుకి ఆ మంచంటే ప్రాణభయం. ఆమె దగ్గర కొండదోస విత్తనాలున్నాయి, వాళ్ళమ్మ దాచి ఇచ్చినవి. ఒకప్పుడు అడవంతా పండేదట ఆ దోస. దాని రుచి గురించి ముసలి జంతువులు ఇప్పటికీ లొట్టలేస్తూ చెప్పుకుంటాయి. విత్తనం దాచింది మాత్రం చెంగమ్మ తల్లి ఒక్కతే, తక్కినవాళ్ళంతా గింజలతో సహా మింగేశారు. ఎండాకాలం వేస్తే నీళ్ళుండవు, వానాకాలం వేస్తే వేళ్ళు కుళ్ళుతాయి, చలికాలం వేస్తే మంచు తినేస్తుంది. కిందటేడు అలాగే పోయాయి. ఈ ఏడు మిగిలిన గింజలన్నీ మోదుగాకు దొప్పల్లో వేసేసింది. అవి కూడా పోతే ఇక కొండదోస మాటల్లోనే మిగులుతుంది. మొలకలు వచ్చిన రోజున చెంగమ్మ సంతోషంతో ఏడ్చింది, వెంటనే భయంతోనూ ఏడ్చింది.

ఏడ్చి ఊరుకునే రకం కాదు. కొండ కింద పిక్నిక్‌కి వచ్చిన మనుషులు పారేసి పోయిన ప్లాస్టిక్ పట్టా ఒకటి ఈడ్చుకొచ్చింది. నీళ్ళలోంచి చూసినట్టు అవతలున్నవి కనిపించే పట్టా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెరట్లో కూర్చుని నీడ ఎటు నుంచి ఎటు నడుస్తుందో చూసింది. ఎండంతా దక్షిణం వైపు నుంచి వస్తోంది, కాబట్టి పొడుగు వైపు అటు పెట్టాలి. చలిగాలి ఉత్తరం నుంచి కొడుతోంది, అటు ఏదైనా దిట్టమైన అడ్డు ఉండాలి. వెదురు బద్దలు విల్లులా వంచి పాతి, పైన పట్టా కప్పాలి. నడినెత్తిన ఒక కంత వదలాలి, లేకపోతే మధ్యాహ్నానికి మొలకలు ఉడికి కూరైపోతాయి. ఇదంతా కాలి గోటితో మట్టిలో గీసుకుంది. గీత నచ్చింది. బద్దలు కోసుకొచ్చింది.

అప్పుడు ఒక పొరపాటు చేసింది. పక్కింటి ఉడుత రేగమ్మని పిలిచింది.

"వదినా, ఈ బద్ద కొస కాస్త పట్టుకుంటావా?"

రేగమ్మ పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టు ఊరుకోలేదు. సాయంత్రానికి అడవిలో ప్రతి కొమ్మకీ ఈ సంగతి తెలిసింది. మర్నాడు పొద్దున్నే మండలి కార్యదర్శి మాల్యాద్రి వచ్చాడు. మాల్యాద్రి నక్క. వినయంగా మాట్లాడతాడు, అందుకే అందరికీ భయం.

"ఏం కడుతున్నావు తల్లీ?"

"మొలకలకి చిన్న గ్రీన్‌హౌస్ బాబూ. నా పెరడే కదా, నేనే కట్టుకుంటున్నా."

"భేషైన ఆలోచన!" అన్నాడు మాల్యాద్రి. "ఇంత మంచి ఆలోచన నీ ఒక్కదాని దగ్గర ఉండిపోవడం న్యాయం కాదమ్మా."

ఆ రోజే మండలి ఒక పథకం ప్రకటించింది. పేరు 'మన పెరడు, మన గ్రీన్‌హౌస్, మనమే కట్టుకుందాం'. అందులో మొదటి నిబంధన, ఎవరూ సొంతంగా కట్టుకోరాదు. చెంగమ్మ వెదుర్లూ పట్టా నమూనా సామగ్రి కింద మండలి తీసేసుకుంది. ఆమె చేతిలో మిగిలింది దొప్పలే. పగలు బయట పెడుతూ, పొద్దువాలగానే బొరియలోకి చేరేస్తూ, పిల్లల్ని మోసినట్టు మోసింది. బొరియలో వెచ్చదనం ఉంది గానీ వెలుతురు లేదు. మొలకలు పాలిపోయి, ఎండుపుల్లల్లా పొడుగ్గా సాగాయి.

డిజైన్ కోసం సమావేశం పెట్టారు. తాబేలు లేచి, "ఇల్లంటూ ఉంటే వీపు మీద ఉండాలి. ముందు మొలకలకి వీపులు ఏర్పాటు చెయ్యండి" అని కూర్చుంది. దంతాలరావుగారు, "ప్రారంభోత్సవానికి నేను వస్తాను కదా, నేను పట్టేలా ఉండాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"అయ్యగారూ, నాకు నేను పట్టేంత ఉంటే చాలు" అంది చెంగమ్మ.

"నువ్వు పడతావమ్మా. ఏనుగు పట్టేచోట కుందేలు పట్టదా?" అన్నాడు మాల్యాద్రి. 

వెలుతురు నిపుణుడిగా సూర్యప్రకాశంగారిని వేశారు. ఆయన గుడ్లగూబ. మిట్టమధ్యాహ్నం చెంగమ్మ పెరట్లోకి ఆయన్ని నడిపించుకొచ్చారు. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని చుట్టూ తిరిగారు.

"వెలుతురు ఎలా ఉందండీ?" అని అడిగాడు మాల్యాద్రి.

"భరించరానంత ఉంది. నాకే ఇలా ఉంటే పాపం లేత మొలకల సంగతేమిటి? పైకప్పు మీద మందంగా మట్టి పోయించండి."

"మొక్కలకి ఎండ కావాలి బాబూ!" అంది చెంగమ్మ.

"నువ్వు వెలుతురు శాస్త్రం చదివావా?"

"లేదు బాబూ. ఎండలో కూర్చున్నా."

"అదే నీలోని లోపం" అన్నారు సూర్యప్రకాశంగారు.

ప్లాను గీసే పని వేలాయుధంగారికి అప్పగించారు. ఆయన గబ్బిలం. కొండగుహలో కప్పుకి వేలాడుతూ, బొగ్గుముక్కతో గోడ మీద గీశారు. గీత చాలా శ్రద్ధగా ఉంది. కాకపోతే ఆయన పుట్టిన దగ్గర్నుంచి ప్రపంచాన్ని చూసిన తీరులోనే గీశారు. నేల పైన ఉంది. విల్లులా వంచిన కప్పు కింద ఉంది. మొక్కలు కిందికి మొలుస్తున్నాయి.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా మెడలు వంచి చూశారు. అడవిలో ఒక ఆచారముంది. పెద్దలు గీసిన ప్లాను అర్థం కాకపోతే తల ఊపాలి. అర్థమైతే ఇంకా గట్టిగా ఊపాలి. అందరూ గట్టిగా ఊపారు.

రేగమ్మకి మాత్రం నోరు ఊరుకోదు కదా. "ఇది తలకిందులుగా ఉందండీ" అంది.

మాల్యాద్రి చిరునవ్వు నవ్వాడు. "నువ్వు చెట్టు దిగేటప్పుడు ఎలా దిగుతావమ్మా?"

"తల కిందికి పెట్టి."

"అలా పెట్టి చూడు."

రేగమ్మ గోడ పాకి, తలకిందులుగా వేలాడి చూసింది. "ఇప్పుడు సరిగ్గానే ఉంది" అని ఒప్పుకుంది. ఎంతైనా నిజం చెప్పే మనిషి.

"ఉడుతగారి ఆమోదం కూడా లభించింది" అని మాల్యాద్రి ప్రకటించాడు. చెంగమ్మ రేగమ్మ వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

కట్టే పని కోతులది. కోతులు చూసింది చూసినట్టే చేస్తాయి, అందుకే వాటికి ఏ కాంట్రాక్టయినా ఇస్తారు. గోడ మీద వంపు కిందికి ఉంది కాబట్టి, చెంగమ్మ పెరట్లో ఏనుగు పట్టేంత వంపు గొయ్యి తవ్వాయి. కప్పుకి వెయ్యాల్సిన పట్టా గోతి అడుగున పరిచి, అంచులు బయటికి వదిలాయి. నేల పైన ఉంది కాబట్టి, గోతి మీద వెదుర్లు అడ్డంగా పేర్చి దాని మీద మట్టి పోశాయి. గుడ్లగూబగారి మట్టి కూడా అందులోనే సరిపోయింది. మొత్తానికి లోపల కటికచీకటిగా, వెలుతురు పడే పట్టా పాతాళంలో ఉండేలా, ప్రపంచంలో ఎక్కడా లేని గ్రీన్‌హౌస్ తయారైంది. మనుషులు దాన్ని చూస్తే ఏనుగుల్ని పట్టే గొయ్యి అనుకుంటారు, వాళ్ళకి ప్లాను చూపించలేదు కాబట్టి.

ప్రారంభోత్సవం నాడు పొద్దుటి నుంచే గాలి కొరికేస్తోంది. ఆ రాత్రికి మంచు విరుచుకుపడుతుందని పక్షులన్నీ కొండ దిగిపోయాయి. చెంగమ్మ దొప్పలన్నీ ముందు పెట్టుకుని కూర్చుంది. పొడుగ్గా సాగిన మొలకలు ఇక బొరియలోకి పట్టడం లేదు, వంచితే విరుగుతాయి. బయట వదిలితే తెల్లారేసరికి ఉండవు.

దంతాలరావుగారు పూలదండతో వచ్చారు. పూలదండ సగం దారిలోనే తినేశారు గానీ, మిగిలిన సగం హుందాగానే ఉంది.

"అయ్యగారూ, ఆగండి! అది నేల కాదు, గోతి మీద కప్పు!" అని చెంగమ్మ అడ్డంగా ఉరికింది.

"ప్లాను ప్రకారం అది నేలే" అన్నాడు మాల్యాద్రి.

"ప్లానే అన్నాక ఇంకేం?" అని దంతాలరావుగారు అడుగు వేశారు.

వెదుర్లు ఫెళ్ళుమన్నాయి. దుమ్ము లేచింది. దుమ్ము అణిగేసరికి అధ్యక్షులవారు గోతిలో నడుం దాకా దిగబడి, సీసాకి బిరడా బిగించినట్టు బిగుసుకుపోయి ఉన్నారు.

"అధ్యక్షులవారు పడలేదు. లోపలి భాగాన్ని స్వయంగా పరిశీలిస్తున్నారు" అన్నాడు మాల్యాద్రి. అందరూ చప్పట్లు కొట్టారు.

"నన్ను బయటికి తియ్యండ్రా!" అని దంతాలరావుగారు ఘీంకరించారు.

తియ్యడానికి ప్లాను కావాలి. వేలాయుధంగారు హుటాహుటిన గుహకి వెళ్ళి గీశారు. కోతులు వెళ్ళి చూసొచ్చాయి. ఆ ప్లాను ప్రకారం ఏనుగుని కిందికి తొయ్యాలి. కోతులన్నీ కలిసి తోశాయి. దంతాలరావుగారు ఇంకో మూరెడు దిగారు. మిగతా పని రేపు చూద్దామని అందరూ చలికి వణుకుతూ ఎవరి గూళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు.

మిగిలింది చెంగమ్మా, దొప్పలూ, ఏనుగూ. చలి మొదలైంది. చెంగమ్మ ఇక చేసేదేమీ లేక దొప్పలు దగ్గరికి లాక్కుని గోతి అంచున కూర్చుంది. కూర్చున్నాక గమనించింది, అక్కడ చలి లేదు. పొయ్యి దగ్గర కూర్చున్నట్టుంది. ఏనుగంత ఒళ్ళు, ఏనుగంత వెచ్చదనం.

చెంగమ్మ చివాలున లేచింది. ఎండ ఏ వైపు నుంచి వస్తుందో ఆమెకి తెలుసు. అయ్యగారి వీపు సరిగ్గా ఉత్తరానికి ఉంది. దిట్టమైన అడ్డు అంతకంటే ఎక్కడ దొరుకుతుంది?

"అయ్యగారూ, మీకు చలేస్తోందా?"

"వేస్తోందమ్మా" అన్నారు దంతాలరావుగారు. ఆ గొంతులో అధ్యక్షత లేదు.

"అయితే కదలకండి."

"కదలగలిగితే ఇక్కడెందుకుంటాను?"

చెంగమ్మ దొప్పలన్నీ ఆయన పొట్ట చుట్టూ సర్దింది. విరిగిన వెదుర్లలో వంగేవి ఏరి విల్లులా పాతింది. రేగమ్మ తప్పు దిద్దుకోవడానికి వచ్చింది, ఈసారి నోరు మూసుకుని కొస పట్టుకుంది. గోతి బయటికి వదిలిన పట్టా అంచుల్ని ఇద్దరూ లాగి వెదుర్ల మీదుగా ఆయన వీపు పైకి కప్పారు. నడినెత్తిన వదిలిన కంతలోంచి చెంగమ్మ ఆయన తొండం బయటికి పెట్టించింది.

"వేడెక్కితే తొండం పక్కకి జరపండి. చలేస్తే మూసెయ్యండి" అని చెప్పింది.

తెల్లారింది. అడవంతా తెల్లగా గడ్డకట్టింది. పట్టా కింద దంతాలరావుగారు కళ్ళు తెరిచేసరికి, దంతాల ముందే ఒక మొలక రెండాకులూ విప్పుకుని నిలబడి ఉంది. ఒక్కటీ పోలేదు. ఆయన చాలాసేపు దాన్నే చూశారు. అన్నేళ్ళు అధ్యక్షుడిగా ఉండి ఆయన వల్ల బతికిన ప్రాణి ఏదైనా ఉంటే అది అదే. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెంగమ్మా, కోతులొస్తే నేను ఇంట్లో లేనని చెప్పు" అన్నారు.

చలికాలమంతా ఆయన అక్కడే ఉన్నారు. చెంగమ్మ గడ్డీ నీళ్ళూ తెచ్చి పెట్టింది, ఆయన తొండంతో మొక్కలకి నీళ్ళు చిలకరించారు. మండలి సమావేశాలు ఆగిపోయాయి, అడవికి ఏ లోటూ రాలేదు. దోసతీగలు దంతాలకి చుట్టుకున్నాయి, కాయలు చెవుల పక్కన వేలాడాయి. చలి వెళ్ళాక పడ్డ మొదటి వానకి గోతి మట్టి మెత్తబడి ఆయన బయటికి వస్తుంటే, చెంగమ్మ కంట తడి పెట్టుకుంది. గింజలు తిరిగి తెచ్చిస్తామని ఒట్టు పెట్టించుకుని ఇంటికో కాయ పంచింది. మాల్యాద్రికి మాత్రం గింజలు తీసేసిన కాయ ఇచ్చింది.

మళ్ళీ మార్గశిరం వచ్చేసరికి అడవిలో ప్రతి పెరట్లోనూ ఒక గొయ్యి తయారైంది. దాని మీద వెదుర్లు, వెదుర్ల మీద మట్టి, పక్కన ఒక పూలదండ. మండలి సభ్యులందరికీ ప్రారంభోత్సవ ఆహ్వానాలు వెళ్ళాయి.

నీతి: పదవిలో ఉన్నవాళ్ళ వల్ల ఉపయోగం లేదని తొందరపడి అనకండి, వాళ్ళకి సరిపడా గొయ్యి మీరు తవ్వారో లేదో ముందు చూసుకోండి.