తేలుకాటు మీద సున్నా

మెడికల్ కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టేశారు. శాలువా వచ్చేసింది. విలేకరులు పదకొండున్నరకు వస్తామన్నారు. సరిగ్గా పదకొండుకు, రోగుల మీద పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గదిలో, కడప నుంచి వచ్చిన అధ్యక్షుడు డాక్టర్ రామకృష్ణ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“తేలుకాటు మందు మీద ప్రపంచంలో ఇంతవరకు ఒక్క వ్యాసమూ లేదా? అట్లయితే దాన్ని రోగికి ఏ ధైర్యంతో ఇస్తారప్పా? ఫైలు వెనక్కి పంపిస్తాండా.”

పీజీ విద్యార్థిని నాగలత మొహం పాలిపోయింది. తన పరిశోధన ఫైలు వెనక్కి పోతే ఆరు నెలలు నీళ్లపాలే. ఆమె గైడు ప్రొఫెసర్ శ్రీనివాసులు మాత్రం తడుముకోలేదు. వెతికింది లైబ్రరీ కంప్యూటర్లో కాబట్టి తప్పు లైబ్రేరియన్ రాహేలమ్మదేనని తేల్చేశారు. రాహేలమ్మ కాంట్రాక్టు పొడిగింపు కాగితం పక్కనే కూర్చున్న ప్రిన్సిపాల్ చేతిలోనే ఉంది. ఇక దాని మీద సంతకం పడదని ఆయన అక్కడికక్కడే ప్రకటించారు.

నాగలత లైబ్రరీకి పరుగెత్తి జరిగినదంతా చెప్పింది. పొద్దున తొమ్మిదికి, రాహేలమ్మ ఇంకా బస్సులో ఉండగా, ఎవరో వెతికితే సున్నా వచ్చింది. తొమ్మిదింబావుకు ఆ సున్నా ‘ఎవరూ ముట్టని అంశం’ అయింది. తొమ్మిదిన్నరకు ప్రిన్సిపాల్ గదిలో ‘దేశంలో మొదటిది’గా ఎదిగింది. పదికి ఫ్లెక్సీ షాపు చేరి ‘ప్రపంచంలోనే తొలి పరిశోధన’గా అచ్చయింది. ఫ్లెక్సీ మీద ప్రిన్సిపాల్ నిలువెత్తున ఉన్నారు. తేలు ఆయనకంటే కాస్త పెద్దది.

“ఏమన్నా దొరుకుతాదా అక్కా?”

“దొరక్క యాడికి పోతాయి? కండ్లు తుడుచుకో.”

రాహేలమ్మ ముందు తన రిజిస్టరు తెరిచింది. ఆమె లైబ్రరీలో ఎంతటివాళ్లయినా సరే, ఏం వెతుకుతారో సొంత చేత్తో రాసి సంతకం పెట్టనిదే కంప్యూటరు ముందు కూర్చోవడానికి లేదు. తొమ్మిది గంటల వరుస చదివింది. రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని కమిటీ గదికి నడిచింది.

అక్కడి కంప్యూటర్లో వైద్య వ్యాసాల భాండారం తెరిచి, నింపాదిగా వివరించింది. ఒకరు తేలుకాటు అని రాస్తారు, ఇంకొకరు తేలు విషమని రాస్తారు. భాండారం వాళ్లు అన్నీ చదివి ఒకే అధికారిక శీర్షిక కింద సర్దుతారు. మన మాటలు పక్కనపెట్టి ఆ శీర్షిక పట్టుకుంటే చాలు. ఆమె జాబితాలోంచి ‘స్కార్పియన్ స్టింగ్స్’ ఎంచుకుని నొక్కగానే వందల వ్యాసాలు తెర మీదికి దిగాయి. మందు శీర్షిక కూడా జోడించింది. డజన్ల కొద్దీ మిగిలాయి.

రామకృష్ణ ముందుకు వంగి మూడో వరుస దగ్గర ఆగారు.

“ఇది రాసింది మన శ్రీనివాసులే కదప్పా?”

ఇరవై ఏళ్ల కిందటిది. ఇదే కాలేజీ నుంచి. శ్రీనివాసులు మంచినీళ్లు అడిగారు.

నాగలత ఫైలు మీద కమిటీ సంతకాలు అయిదు నిమిషాల్లో పడ్డాయి. పొడిగింపు కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం అంతకంటే వేగంగా పడింది. ఫ్లెక్సీ దించమని అటెండరు పరమేష్‌ను గేటుకు తరిమారు. అప్పటికే విలేకరులు లోపలికి వచ్చేశారు. తెచ్చిన శాలువా వృథా పోకూడదని రామకృష్ణ దాన్ని రాహేలమ్మ భుజాల మీద కప్పారు. కెమెరాలు మెరిశాయి.

“ఇంతకీ పొద్దున ఆ సున్నా తెచ్చిన మహానుభావుడెవరు?” అన్నారు ప్రిన్సిపాల్, నెపం వేయడానికి ఒక మనిషి దొరికితే చాలన్నట్టు.

“పోనీయండి సార్, అయిపోయింది కదా,” అన్నారు శ్రీనివాసులు.

“పోనిచ్చేదేముంది? చదువమ్మా, అందరికీ వినపడేటట్టు చదువు.”

రాహేలమ్మ శాలువా సర్దుకుని రిజిస్టరు తెరిచింది.

“వెతికిన మాటలు: నంద్యాల జిల్లా, కోయిలకుంట్ల మండలం, శనగ చేలల్లో పనిచేయు వ్యవసాయ కూలీలకు తేలు కుట్టినచో ఇచ్చు చికిత్సపై సమగ్ర పరిశీలన. ఫైలు పేరంతా, జిల్లా, మండలంతో సహా, ఒకే వరుసగా కొట్టినారు. వెతికినవారు: ప్రొఫెసర్ శ్రీనివాసులు. కింద సంతకం కూడా ఉండాది సార్, శానా చక్కగా ఉండాది.”