నిలువు షిఫ్టు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడాది అది. ఆ ఉదయం గౌరీశ్వరి అనుకున్నది ఒక్కటే: గ్రాఫుని జరపడమంటే ఏమిటో ట్యూషను పిల్లల బుర్రకి ఈరోజైనా ఎక్కించాలి. కంచరపాలెంలో తన ఇంటి అరుగు మీది నల్లబల్లపై పెద్ద అక్షరాలతో రాసింది: "నేడు షిఫ్టులు. మైనస్ రెండు." రాసి కుళాయి దగ్గరికి వెళ్లింది.

రేవులో ఓడల సరుకు దించే కళాసీ సూరన్న అటుగా పోతూ అది చదివాడు. టీకొట్టు దగ్గర కన్నబాబు భుజం పట్టుకున్నాడు.

"బావా, షిఫ్టు మార్సీసినార్రా! రెండు గంటలు మైనస్సంట. టీచరమ్మ బోర్డెట్టింది."

మధ్యాహ్నం షిఫ్టువాళ్లలో సగంమంది రెండు గంటలు ముందే వెళ్లి మూసిన గేటు ముందు నిలబడ్డారు. మైనస్సంటే పని తగ్గినట్టే అనుకున్న మిగతా సగం హాయిగా పడుకున్నారు. ఓడలో సరుకు ఓడలోనే ఉంది. సాయంత్రానికి అందరూ గౌరీశ్వరి ఇంటి ముందు చేరారు. వెనకే జీపులోంచి, కళాసీల హాజరు చూసే రేవు కంపెనీ టైమాఫీసరు అచ్యుతరామయ్య దిగాడు.

"షిఫ్టులు మార్చే అధికారం మీకెవరిచ్చారండీ? తుడిచేయండి. లేకపోతే పోలీసుల్ని పిలుస్తాను."

అత్తగారు జోగమ్మ హడలిపోయింది. "ఓలమ్మా, తుడిసీయే! పరువు పోద్ది."

"తుడవనత్తా. లెక్క తప్పైతే తుడుత్తాను. తప్పేటో సూపించమను."

"మైనస్ అంటే ఎడమకేగా! అంటే రెండు గంటలు ముందే రమ్మనేగా!" అన్నాడు ఆఫీసరు.

"కాదు, కుడికి." ఆమె బల్ల మీద, అడ్డంగా టైము పెట్టి గ్రాఫు గీత గీసింది. "కొత్త టైములోంచి రెండు తీసి, పాత గ్రాఫులో సూడాల. నాలుగులోంచి రెండు తీత్తే రెండు. అంటే, రెండింటి పని నాలుగింటికి మొదలవుద్ది. గీత పక్కకి జరిగింది, ఎత్తు మారలేదు."

"మరి ఎత్తెలా మారుద్దమ్మా?" అన్నాడు సూరన్న.

"టైములో కాదు, బయట ఎత్తుకే కలిపితే. టైము కదలదు, గీత మొత్తం పైకి లేత్తాది. అది నిలువు షిఫ్టు."

"ఆ గీత మా కూలైతే?"

"కూలే లేత్తాది."

గుంపంతా బల్ల దగ్గరికి జరిగింది. "అమ్మా, ఇప్పుడైనా తుడిచేయండి," అన్నాడు అచ్యుతరామయ్య, ఈసారి బతిమాలుతూ. గౌరీశ్వరి సుద్దముక్క తీసుకుని గీతను మరింత లావుగా దిద్దింది.

మర్నాడు గేటు దగ్గర ఒకటే నినాదం: "అడ్డం షిఫ్టు వద్దు! నిలువు షిఫ్టు కావాలి!" కంపెనీ పైవాళ్లకి అది బోధపడలేదు. బోధపడేదాకా ఒక్క మూటా కదలదన్నారు కళాసీలు. చివరికి అచ్యుతరామయ్య మళ్లీ జీపు దిగి, చెప్పులు అరుగు కింద విడిచాడు.

"మా పైవాళ్లు చర్చలకి ఒప్పుకున్నారండి. కళాసీలు అడిగేదేమిటో తెలుసుకు రమ్మన్నారు."

"కూకోండి," అంటూ గౌరీశ్వరి పిల్లల వెనక చోటు చూపించింది.

ఆ నెలలోనే కూలి పెరిగింది. అచ్యుతరామయ్యకి గ్రాఫులు రావడానికి మాత్రం ఇంకొంత కాలం పట్టింది.